చేలల్లోకి వచ్చే పలకలు

(రాత్రి బడిలో మహిళలతో ఒక టీచరు మాట్లాడిన మాటలు)



ఈ రోజు పాఠం చెప్పను. పలకలు పక్కన పెట్టండి. కాసేపు మాట్లాడుకుందాం. చివర్లో మళ్లీ పలకలు తీద్దాం.

మీ ఒళ్లో ఉన్నది రాసే పలక. మన చెరువు కింది పక్క చేలల్లోకి వస్తాయని చెబుతున్నవి వేరే పలకలు. సోలార్ పలకలు. పది రోజుల కిందట జీపు వచ్చింది, మీరందరూ చూశారు. రచ్చబండ దగ్గర మగవాళ్లను కూర్చోబెట్టి మ్యాపు చూపించారు. ఎకరాకు ఏటా ఇంత కౌలు ఇస్తామన్నారు. టీ తాగారు, వెళ్లిపోయారు. ఆడవాళ్లను ఎవరూ పిలవలేదు. టీ కాచింది మాత్రం మన వదినే!

వచ్చే సోమవారం దీని మీదే గ్రామ సభ. పోయిన గురువారం మన బడిలో ఒక్కరూ అక్షరం రాయలేదు. అందరిదీ ఇదే మాట. ఒకరు మంచిదన్నారు. ఒకరు కొంప మునుగుతాదన్నారు. ఒక అవ్వ నన్ను అడిగింది: "పాపా, సూర్యుని వేడి అంతా వాళ్లే పీల్చుకుంటే మన పైరు ఎట్లా పండుతాది?" నాకు అప్పుడు సరిగా జవాబు రాలేదు. అందుకే కొంచెం చదివి, కొంచెం తిరిగి, తెలుసుకుని వచ్చాను.

ముందు అవ్వకు జవాబు చెబుతాను. పలక తన మీద పడిన వెలుతురునే తీసుకుంటుంది. పక్క చేనిలో పడే ఎండను లాక్కోదు. ఆ వెలుతురు తగలగానే పలకలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు తీగల్లో నుంచి సబ్‌స్టేషనుకు పోతుంది. పొగ లేదు, బూడిద లేదు. అదే బొగ్గు కరెంటు అయితే బొగ్గును కాల్చాలి. కాల్చిన బూడిద గుట్టలుగా పడుతుంది. ఆ గాలి పీల్చే ఊళ్ల కష్టం వేరే. కాబట్టి సోలార్ కరెంటు మంచిది. ఈ మాట నేను మొదటే చెబుతున్నాను. టీచర్ ట్రైనింగ్‌లో పిల్లలకు దీని మీద పాఠం కూడా చెప్పాను. అట్ట మీద సూర్యుడి బొమ్మ గీసి, సోలార్ వద్దనేవాళ్లు తెలియనివాళ్లు అని నవ్వుతూ చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గుగా ఉంది.

ఎందుకో చెబుతాను.

మా మేనత్తను ఇచ్చింది పావగడ తాలూకాలో. మన జిల్లా సరిహద్దు దాటితే అదే. కర్ణాటక, తుమకూరు జిల్లా. పేరుకు కన్నడ సీమ గానీ, అక్కడ ఇళ్లల్లో మన తెలుగు చాలా వినబడుతుంది. భూమి కూడా మన భూమి లాంటిదే. ఎర్రమట్టి, రాళ్లు, వాన పడితే చెనక్కాయ, పడకపోతే అప్పు. అక్కడ తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు అని ఐదు ఊళ్లు ఉన్నాయి. ఆ ఐదు ఊళ్ల చేలు దాదాపు 13,000 ఎకరాలు కలిపి సోలార్ పార్కు కట్టారు. 2018 మార్చిలో ప్రారంభోత్సవం చేశారు, 2019 చివరికి పూర్తయింది. మొత్తం 2,050 మెగావాట్లు. ఒక మెగావాటుకు ఐదెకరాల దాకా కావాలి, ఒక్కోచోట ఇంకా ఎక్కువే పడుతుంది. పార్కు అంటే మన హిందూపురం పార్కులాగా పూలచెట్లు ఉంటాయనుకోకండి. కంటికి ఆనినంత దూరం నల్లని పలకలు. చుట్టూ ఇనుప కంచె. గేటు. గేటు దగ్గర వాచ్‌మన్.

అక్కడ భూమిని కొనలేదు. ప్రభుత్వ సంస్థ రైతుల దగ్గర కౌలుకు తీసుకుని కంపెనీలకు ఇచ్చింది. కౌలు 28 ఏళ్లకు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలు. రెండేళ్లకు ఒకసారి నూటికి ఐదు పెంచాలి.

మనం మొన్న నేర్చుకున్న లెక్క ఇక్కడ వేద్దాం. 21,000లో నూటికి ఐదు అంటే ఎంత? 1,050. అంటే రెండేళ్ల తర్వాత ఎకరాకు 22,050. మా మేనత్త వాళ్లది నాలుగెకరాలు. మొదటి ఏడాది నాలుగు ఇరవై ఒకట్లు ఎనభై నాలుగు. 84,000 రూపాయలు. నెలకు పంచుకుంటే 7,000.

మా అత్తను అడిగాను, "భూమి ఇచ్చినందుకు బాధగా లేదా అత్తా?" అని.

"ఏం బాధ పాపా? పదేళ్లు ఏసినాము, ఎనిమిదేళ్లు ఎండినాది. బోరు మీద బోరు ఏసి మీ మామ అప్పులపాలైనాడు. ఇప్పుడు వాన వచ్చినా రాకపోయినా దుడ్లు వస్తాయి. నేనైతే మళ్లీ అడిగినా ఇస్తాను," అంది.

ఆమె మాట తప్పు కాదు. కరువులో మునిగినవాళ్లకు ఏటా తప్పని డబ్బు ఎంత ఊరటో మనకు తెలియదా? మన ఊళ్లోనూ భూమి ఉన్న కొందరు అందుకే సరే అంటున్నారు. వాళ్లను ఊరికి ద్రోహం చేసేవాళ్లు అనడం నాకు నచ్చదు.

మరుసటి రోజు పొద్దున మా అత్త వాళ్ల పెరడు వెనక ఇంటికి పోయాను. ఆ ఇంటామె నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పండగకు పోతే బొరుగులు పెట్టేది. ఆమెకు సెంటు భూమి లేదు. మా అత్త వాళ్ల చేనిలో, చుట్టుపక్కల చేలల్లో కూలి చేసేది. ఏరువాక నుంచి విత్తనం వేసే పని, తర్వాత కలుపు, దీపావళి ముందర చెనక్కాయ పీకే పని, ఆ మీద ఇంట్లో కూర్చుని కాయ వలిచే పని. ఏడాదిలో నాలుగైదు నెలలు కాలినడకన పోయే దూరంలోనే పని ఉండేది. పొయ్యిలోకి కట్టెలు కూడా ఆ గట్ల మీదే ఏరుకునేది. రెండు మేకలు ఉండేవి.

ఆ రోజు ఆమె ఇంటి ముందర మేకలు లేవు.

"అమ్మేసినా పాపా. మేపేదానికి యాడుంది?" అంది. "కంచె చుట్టూ తిరిగి పోవాలంటే పొద్దు పోతాది. ఇప్పుడు ఆటోలో పదిమందిమి కలిసి దూరం ఊళ్లకు పోతాము. ఆటోకు పోను మిగిలేది ఇంత."

"లోపల పని ఇవ్వలేదా?" అని అడిగాను.

"కడతా ఉన్నప్పుడు ఇచ్చినారు. కట్టినాక కొందరికి గడ్డి కోసే పని, పలకలు కడిగే పని ఇచ్చినారు. అందరికీ యాడిస్తారు? అన్ని చేలు ఉన్నప్పుడు ఊరంతా పని చేసేది. ఇప్పుడు గేటు కాడ నిలబడి అడగాల."

ఇంకో మాట కూడా అంది. నాకు అది మరిచిపోవడం కావడం లేదు. "కాగితాల మీద సంతకం మీ అత్త వాళ్లు పెట్టినారు. మా బతుకు అందులో యాడా రాయలేదు," అంది.

నేను ఏమీ అనలేకపోయాను. మా అత్త ఇంటికి వచ్చి అన్నం తింటే అన్నం దిగలేదు. మా అత్తా, ఆమే ఇప్పటికీ మంచిగానే ఉన్నారు. ఒకరింటికి ఒకరు పోతారు. కానీ ఒకే పార్కు ఒకరికి కౌలు తెచ్చింది, ఇంకొకరి కూలి తీసుకుపోయింది. ఎక్కడ వద్దన్నా, ఎక్కడ కొట్లాడినా, చాలాసార్లు గొడవ ఇదే. సూర్యుడి మీద ఎవరికీ కోపం లేదు. మమ్మల్ని అడగలేదు, మమ్మల్ని లెక్కలో వేయలేదు అన్నదే కోపం.

మన జిల్లాలోనే కదిరి అవతల నంబులపూలకుంట ఉంది. ఎన్.పి. కుంట అంటారు. అక్కడ కూడా పెద్ద సోలార్ పార్కు. 2016లో అక్కడ మొదటి విడత 250 మెగావాట్ల కరెంటు వచ్చింది. అక్కడ గొడవ ఇంకో రకం. పట్టా ఉన్నవాళ్లకు పరిహారం లెక్క కట్టారు. కానీ ప్రభుత్వ భూమిని బాగు చేసుకుని, రాళ్లు ఏరుకుని, ఏళ్ల తరబడి సేద్యం చేసుకునే వాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర పట్టా లేదు. మాకు రాలేదని వాళ్లు కొట్లాడారు. మన ఊరిలో వంక పక్కన సాగు చేసుకుంటున్న ఏడెనిమిది కుటుంబాలు ఉన్నాయి కదా? వాళ్లు ఈ సంగతి బాగా వినాలి. మ్యాపులో ఆ భూమి బీడు అని రాసి ఉందట. బీడంటే ఎవరూ లేని భూమి అని ఆఫీసులో అనుకుంటారు. అక్కడ కందులు ఉన్నాయని మనకు తెలుసు. గొర్రెలు మేస్తాయని తెలుసు. శివరాత్రికి గుడికి పోయే బాట అదే అని తెలుసు. మ్యాపు గీసినవాళ్లకు తెలియదు. మనం చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు చట్టం సంగతి. కొంచెం నిదానంగా వినండి. అర్థం కాకపోతే మధ్యలో ఆపండి.

2013లో భూసేకరణకు కొత్త చట్టం వచ్చింది. ప్రభుత్వం భూమిని సేకరిస్తే నష్టపోయేది భూమి యజమాని ఒక్కడే కాదని ఆ చట్టం ఒప్పుకుంది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద కూలి చేసి బతికే కుటుంబం, కౌలు చేసే కుటుంబం కూడా నష్టపోయిన కుటుంబమే అని రాశారు. మంచి మాట. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. కౌలుకు తీసుకోవడం సేకరణ కాదు. రైతు తన ఇష్టంతో కౌలుకు ఇచ్చాడు, కంపెనీ తీసుకుంది. అది వాళ్లిద్దరి మధ్య ఒప్పందం. అప్పుడు కూలి మనిషి ఆ లెక్కలోకి రాదు. పావగడ ఆమె చెప్పింది సరిగ్గా ఇదే. ఆమెకు చట్టం తెలియదు, కానీ విషయం తెలుసు.

ఇంకొకటి. పెద్ద బొగ్గు కరెంటు కేంద్రం పెట్టాలంటే ముందుగా ఆ ప్రాంతం జనాన్ని పిలిచి బహిరంగ సభలో అభిప్రాయం అడగాలి. 2006 నాటి పర్యావరణ నిబంధన అది. పలకలు పెట్టే సోలార్‌కు ఆ నిబంధన వర్తించదు. పొగ రాదు కదా, ఇబ్బంది ఏముందని అనుకున్నారు. కాబట్టి ఆ సభ కోసం మనం ఎదురు చూస్తూ కూర్చుంటే అది రాదు. మనకు మిగిలింది గ్రామ సభ. ఓటు ఉన్న ప్రతి మనిషీ గ్రామ సభలో మనిషే. భూమి ఉన్నవాళ్లే రావాలని ఎక్కడా లేదు. మగవాళ్లే రావాలని అసలే లేదు.

అక్కడికి పోయి ఏమి అడగాలి?

ముందు ఏమి అనకూడదో చెబుతాను, ఏమీ అనుకోకండి. పలకలు వస్తే వానలు పోతాయని కొందరు అంటున్నారు. పశువులు గొడ్డుపోతాయని కూడా విన్నాను. దానికి రుజువు లేదు. అంత పెద్ద ఆవరణ లోపల కొంచెం వేడి పెరగొచ్చు, అంతే. మీరు సభలో వానల మాట ఎత్తితే పెద్దసారు నవ్వుతాడు. ఆ నవ్వులో మీ నిజమైన మాట కూడా కొట్టుకుపోతుంది. నిజం మన దగ్గర కావలసినంత ఉంది. అది చాలు.

నీళ్ల సంగతి అడగండి. పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది. అందుకే కడుగుతారు. మన ఊళ్లో దుమ్ముకు కొదవ లేదు! వేల పలకలు కడగడానికి నీళ్లు ఎక్కడివి? మన ఊరి బోర్లవా? నీళ్లు లేకుండా బ్రష్‌లతో తుడిచే యంత్రాలు కూడా ఉన్నాయి. ఏది వాడతారో కాగితం మీద రాయమనండి. ఎండాకాలం బిందె కోసం మనం ఎంతసేపు నిలబడతామో వాళ్లకు చెప్పండి. ఈ మాట మగవాళ్లకు సభలో గుర్తు రాదు. నీళ్లు మోసేది వాళ్లు కాదు కదా.

వంక సంగతి కూడా అంతే ముఖ్యం. భూమి చదును చేసేటప్పుడు గట్లు తీసేస్తారు. చిన్న కాలువలు పూడుస్తారు. మన చెరువుకు నీళ్లు వచ్చేది ఆ మిట్ట మీది నుంచే. ఆ వంకకు అడ్డం కంచె వేస్తే చెరువుకు నీళ్లు ఎట్లా వస్తాయి? వంకను, గుడి బాటను, శ్మశానం బాటను వదిలి కంచె వేయాలని అడగాలి.

గొర్రెలు ఉన్నవాళ్లు మేపు గురించి అడగండి. కొన్ని దేశాల్లో పలకల కింద గొర్రెలను మేపనిస్తారు. గడ్డి తగ్గుతుంది, వాళ్లకూ లాభమే. ఇక్కడ గొర్రెలను రానివ్వకపోతే, కోసిన గడ్డినైనా మన ఊరి పశువులకు ఇవ్వమనాలి. పావగడలో గడ్డి కోసే పని ఆడవాళ్లే చేస్తున్నారు. ఆ పని ఊళ్లో భూమి లేని ఆడవాళ్లకే ముందు ఇవ్వాలని అడగాలి. నోటిమాట వద్దు. ఎంతమందికి, ఎన్ని రోజులు, ఎంత కూలి, ఇవన్నీ రాయాలి. కట్టేటప్పుడు ఉండే పని వేరు, కట్టిన తర్వాత ఉండే పని వేరు. రెండూ కలిపి "ఊళ్లో అందరికీ ఉద్యోగాలు" అని చెబితే మోసపోకండి.

భూమి ఉన్న అక్కలకు ఒక మాట. పాసుపుస్తకం ఎవరి పేరు మీద ఉంది? చాలా ఇళ్లల్లో మామ పేరునో, మొగుని పేరునో ఉంటుంది. కౌలు డబ్బు వాళ్ల ఖాతాలోనే పడుతుంది. ఇంతకు ముందు చేనిలో గింజ పండితే గాదెలోకి వచ్చేది, మీ కంటికి కనబడేది. బ్యాంకులో పడిన డబ్బు ఎప్పుడు వచ్చిందో, ఎక్కడ పోయిందో మీకు తెలుస్తుందా? ఇద్దరి పేర్ల మీద ఖాతా తెరవాలని ఇంట్లో ఇప్పుడే మాట్లాడండి. సంతకం అయ్యాక మాట్లాడితే జగడం అవుతుంది. 28 ఏళ్లు అంటే ఎంతో ఆలోచించండి. ఇప్పుడు 12 ఏళ్ల పిల్ల, భూమి తిరిగి వచ్చేసరికి 40 ఏళ్ల మనిషి. అప్పటికి గట్లు ఉండవు, హద్దురాళ్లు ఉండవు. భూమిని మళ్లీ సాగుకు పనికొచ్చేటట్టు చేసి ఎవరు అప్పగిస్తారు? పాడైన పలకలను ఎవరు తీసుకుపోతారు? ఇది కూడా కాగితంలో ఉండాలి.

కాగితం అంటే గుర్తొచ్చింది. మొన్న కంపెనీ తరఫు మనిషి మా ఇంటికి కూడా వచ్చాడు. మా నాయనకు మూడెకరాలు ఉంది. కాగితం తీసి, "ఇక్కడ సంతకం చేయండి పెద్దాయనా, ఊరికే ఒప్పుకోలు," అన్నాడు. అంతా ఇంగ్లీషు. పదకొండు పేజీలు. నేను తీసుకుని చూడబోతే, "మీకెందుకమ్మా ఇదంతా" అన్నాడు. నేను చదువుకున్న మనిషినే. అయినా అందులో సగం మాటలు నాకే అర్థం కాలేదు. "రెండు రోజులు మా దగ్గర ఉంచండి, తెలుగులో రాయించుకుని చదువుకుంటాం," అన్నాను. కాగితం మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. "అందరూ చేసేశారు, మీరొక్కరే మిగిలారు," అని పోయాడు. సాయంత్రం విచారిస్తే మా వీధిలో ఎవరూ చేయలేదు! ప్రతి ఇంట్లోనూ అదే మాట చెప్పాడట.

మీ ఇంటికీ వస్తాడు. తెలుగు కాగితం అడగండి. ఇవ్వకపోతే సంతకం లేదు. మీరు ఇప్పుడు కూడబలుక్కుని అయినా చదవగలరు. ఆరు నెలల కిందట ఈ మాట మీతో అనగలిగేదాన్ని కాదు.

మనలో మనకు కూడా ఒక చిక్కు ఉంది, దాచడం ఎందుకు? ఈ గదిలో భూమి ఉన్నవాళ్లు ఉన్నారు, లేనివాళ్లు ఉన్నారు. ఉన్నవాళ్లకు కౌలు కావాలి. లేనివాళ్లకు పని కావాలి. ఒకరు గట్టిగా అడిగితే కంపెనీ వేరే ఊరికి పోతుందేమో అని ఇంకొకరికి భయం. పోయిన గురువారం ఆ మూల ఇద్దరి మధ్య మాట మాట పెరిగింది, అందరం చూశాం. నాకు దీనికి తేలిక జవాబు తెలియదు. మా మేనత్త ముఖమూ గుర్తొస్తుంది, పెరడు వెనక ఆమె ముఖమూ గుర్తొస్తుంది. ఒకటి మాత్రం అడుగుతాను. భూమి ఉన్న అక్కలు తమ కౌలు కాగితంలో కూలివాళ్ల పని గురించి ఒక్క వాక్యం రాయించమని పట్టుబట్టగలరా? కంపెనీకి కావలసింది మీ సంతకం. కాబట్టి మీరు అడిగితే వింటారు. భూమి లేనివాళ్లు అడిగితే వినకపోవచ్చు. ఈ సంగతి సోమవారం లోపల మీరే కూర్చుని తేల్చుకోండి. నేను మధ్యలో మాట్లాడను.

సరే, పలకలు తీయండి. అర్జీ రాద్దాం. నేను బోర్డు మీద రాస్తాను, మీరు చూసి రాయండి. తప్పు పోతే తుడుచుకోండి, తొందర లేదు.

"గ్రామ సభ వారికి,

మేము ఈ ఊరి మహిళలము. చెరువు కింద సోలార్ పెట్టే చేలల్లో మేము కూలి పని చేసి బతుకుతున్నాము. మా పని పోతే మాకు ఏమి ఇస్తారో కాగితం మీద రాయాలి. పలకలు కడగడానికి ఊరి బోరు నీళ్లు వాడకూడదు. వంకను, బాటలను మూయకూడదు. ఒప్పందం కాగితం తెలుగులో ఇవ్వాలి. అది సభలో అందరికీ చదివి వినిపించాలి. మా మాటలు సభ పుస్తకంలో రాయాలి.

ఇట్లు,"

కింద ఎవరి పేరు వాళ్లు రాయండి. పేరు పక్కన మీరు ఏ పని చేస్తారో కూడా రాయండి. కలుపు, గొర్రెలు, కౌలు సేద్యం, ఏదైతే అది. రేపు మంచి కాగితం తెస్తాను, ఇదే దాని మీదకు ఎక్కిద్దాం. రెండు కాపీలు చేద్దాం. ఒకటి పంచాయతీ కార్యదర్శికి ఇస్తాం. రెండో దాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకుని మన దగ్గర పెట్టుకుందాం. జవాబు రాకపోతే 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ఉంది. ఆ చట్టం కింద అడిగితే ఆఫీసు 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. ఆ దరఖాస్తు ఎలా రాయాలో వచ్చే వారం పాఠంలో చూద్దాం.

సోమవారం సభ పదకొండు గంటలకు. పనికి పోయేవాళ్లు ఆ పూట మానుకోవాలి, అది నష్టమే, నాకు తెలుసు. పసిపిల్లలను మా అమ్మ చూసుకుంటానంది, మా ఇంట్లో వదిలిపెట్టి రండి. అందరం మన బడి దగ్గర కలిసి పోదాం. అవ్వా, నువ్వు ముందు వరసలో కూర్చో. అర్జీ ఎవరు చదువుతారో రేపు అనుకుందాం. నేను చదవను. నాకు ఆ చేలల్లో పని లేదు.

ఆ చివరి వరసలో అక్కా, "బాట" రాశారా "బోటు" రాశారా? ఒకసారి ఇటు చూపించండి.